రెండాకుల భోజనం

నాకు ఈత వచ్చు, కారు వచ్చు, రొయ్య మీసం చూసి దాని ఆరోగ్యం చెప్పడం వచ్చు. "చాలండి" అనడం ఒక్కటే రాదు. ముప్పై రెండేళ్ళొచ్చినా, ఎవరైనా గరిటె పట్టుకుని నా ఆకు మీదికి వంగితే నోరు పెగలదు. చెయ్యి అడ్డం పెట్టాలని మనసులో అనుకుంటూనే ఉంటాను, ఈలోపు కూర పడిపోతుంది. పడ్డాక వదిలేయడం మా ఇళ్ళలో కుదరదు. ఆకులో వదిలేస్తే వండినవాళ్ళని అవమానించినట్టే. అందుకని తినేస్తాను. నా పొట్ట చూసినవాళ్ళకి ఈ సంగతి విడిగా చెప్పక్కర్లేదు.

మాది భీమవరం. రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్ ఉద్యోగం. చెరువుగట్ల మీద తిరుగుతూ ఏ రైతు ఎంత మేత వెయ్యాలో చెప్పడం నా పని. దానికి చెక్ ట్రే అని ఒకటుంటుంది. వలగుడ్డ బిగించిన పళ్ళెం. అందులో కాస్త మేత పెట్టి చెరువులోకి దించుతాం, రెండు గంటలాగి పైకి లాగుతాం. మేత మిగిలితే రొయ్యకి ఆకలి లేదని అర్థం, తగ్గించాలి. పళ్ళెం ఖాళీ అయితే సరిపోవట్లేదని అర్థం, పెంచాలి. అంతే. ఈ ముక్కనే నేను ఎంత గంభీరంగా చెబుతానంటే, ఉండి అనే ఊరి దగ్గర పల్లంరాజుగారనే రైతు కుర్చీ తెప్పించుకుని మరీ వింటారు.

"ఎక్కువ మేత వేస్తే రొయ్య తినదండి. అడుగున కుళ్ళి గ్యాస్ పుడుతుంది. ముందు దాని కడుపు సంగతి తెలుసుకోవాలండి," అంటాను.

"ఆయ్, ఎంత బాగా చెప్పారండి," అంటారాయన.

రొయ్య కడుపు సంగతి అంత తెలిసిన నాకు మా ఆవిడ కడుపు సంగతి తెలియడానికి ఆసుపత్రి దాకా వెళ్ళాల్సొచ్చింది. అక్కడ మంచమెక్కింది నేనే, ఆవిడ కాదు.

మా ఆవిడ శ్రీసత్యకి ఆరో నెల వచ్చేసరికి గుండెల్లో మంట మొదలైంది. మంచినీళ్ళు తాగినా పుల్లటి త్రేన్పులే. డాక్టర్ మెర్సీగారు, "ఇది చాలామందికి ఉండేదేనమ్మా. బిడ్డ పెరిగేకొద్దీ పైకి నొక్కుతుంది కదా. ఒకేసారి కాకుండా కొంచెం కొంచెం ఐదారుసార్లు తినండి. కారం, పులుపు, నూనె తగ్గించండి. తిన్న వెంటనే నడుం వాల్చకండి. మంచం తలవైపు కాస్త ఎత్తు చేసుకోండి," అని చెప్పి గులాబీరంగు సిరప్పొకటి రాశారు.

మంచం ఎత్తు చేసే బాధ్యత నేను తీసుకున్నాను. తలవైపు ఆవిడ పక్క కోడు కింద రెండు ఇటుకలు పెట్టాను. నాకు మంట లేదు కదా అని నా పక్క కోడు వదిలేశాను. ఆవిడ దొర్లి నా మీదికి రావడం, నేను దొర్లి గోడకి కొట్టుకోవడం, ఇదీ ఆ రాత్రి మా నిద్ర. పొద్దున్నే సత్య, "ఇంజనీరింగే కదండీ మీరు చదివింది?" అని మాత్రం అడిగింది. నేను వెళ్ళి ఇంకో రెండు ఇటుకలు తెచ్చాను.

ఇటుకలతో పోయేదైతే ఈ కథే లేదు. ఆ నెలలోనే పిలుపులు మొదలయ్యాయి. కడుపుతో ఉన్న అమ్మాయిని మా చుట్టాలు వంతులవారీగా ఇంటికి పిలిచి భోజనం పెట్టి చీర పెడతారు. ప్రేమ ఎంతుందో వడ్డనలో చూపించడం మావాళ్ళకి అలవాటు. మొదటి పిలుపు చిన్నాన్నగారింట్లో. రొయ్యల వేపుడు, కొరమీను పులుసు, నాటుకోడి, గోంగూర మాంసం, వీటన్నిటి తరవాత ఆవకాయ. సత్య మొహమాటపడి అన్నీ తింది. ఆ రాత్రి కుర్చీలో కూర్చునే తెల్లవార్చింది.

"ఏవండీ, మీవాళ్ళకి ఒక్క మాట చెప్పండి," అంది పొద్దున్న. "సత్యకి మంటొస్తోంది, కొంచెమే తింటుంది అని. నేను చెబితే వంక పెట్టిందంటారు. మీరు చెబితే అయిపోతుంది. నాకు ఇంకేమీ వద్దు."

"చెప్తాలే," అన్నాను.

రెండో పిలుపు పిన్నిగారింట్లో. చెప్పడానికి నిజంగానే నోరు తెరిచాను. "పిన్నిగారూ, సత్యకి కొంచెం గుండెల్లో మంట..."

"మంటేగా బాబూ! కడుపుతో ఉన్నప్పుడు మంటొస్తే బిడ్డ ఒత్తయిన జుట్టుతో పుడుతుంది. మంచిదే," అంటూ ఆవిడ సత్య ఆకులో ఇంకో గరిటె పులుసు పోసి వంటింట్లోకి వెళ్ళారు.

చెప్పానుగా మరి, అనుకున్నాను. సత్య నా వైపు చూసింది. ఆ చూపు భరించడం కష్టమైంది. ధైర్యం లేనివాడికి దేవుడు ఉపాయాలిస్తాడు. పిన్నిగారు తిరిగొచ్చేలోపు సత్య ఆకులోని ముక్కలన్నీ నా ఆకులోకి లాక్కుని తినేశాను. వెనకటికి మొగుడు తిన్న ఆకులో పెళ్ళాం తినేదట. నేను ఆ ఆచారాన్ని తిరగేశానని గర్వం కూడా కలిగింది.

"నేనడిగింది ఇది కాదండి," అంది సత్య కారెక్కాక.

"ఫలితం చూడు. నీ ఆకు శుభ్రంగా ఉంది, నీ కడుపు చల్లగా ఉంది."

ఆ రాత్రి ఆవిడ బాగానే పడుకుంది. కుర్చీలో కూర్చున్నది నేను. ఆవిడ సిరప్పే ఒక మూతెడు దొంగతనంగా తాగాను.

ఉపాయం అలా నాలుగో ఇంటి దాకా నడిచింది. ఒక్కటే చిక్కు. ఇల్లు మారేకొద్దీ వడ్డన పెరుగుతోంది. "పిల్ల బాగా తింటోందమ్మా, ఆకు కడిగినట్టుంటోంది. నాలుగు ఎక్కువే వండండి," అని మా ఆడవాళ్ళు ముందుగానే ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటున్నారు. మూడో ఇంట్లో రెండు ముక్కలు నాలుగయ్యాయి. నాలుగో ఇంట్లో ఆకు చాలక పక్కన గిన్నెలు కూడా పెట్టారు. ఎందుకిలా జరుగుతోందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. సరిగ్గా ఆ వారమే పల్లంరాజుగారి చెరువు మీద ట్రే పైకి లాగి, "ఖాళీ చేసేశాయండి. రేపట్నించి మేత పెంచండి," అని చెప్పొచ్చాను.

మొహమాటానికి పోతే కడుపయిందని సామెత. నా విషయంలో అది అక్షరాలా జరిగింది. ఏడో నెల వచ్చేసరికి సత్య పొట్టా నా పొట్టా పోటాపోటీగా ఉన్నాయి. ఆవిడేమో పిలుపులకి వెళ్ళిన ప్రతిసారీ నాలుగు ముద్దల మజ్జిగన్నంతో లేచి, ఆకలితో ఇంటికొచ్చేది. ఖాళీ కడుపుకీ మంటేనని అప్పుడు తెలిసింది. మామ్మగారింటికి వెళ్ళేముందు మళ్ళీ అడిగింది. "ఈసారైనా చెప్పండి. ఆవిడ పెద్దావిడ, అర్థం చేసుకుంటారు."

"పెద్దావిడ కాబట్టే బాధపడతారు," అన్నాను.

బంగారమ్మగారు మా నాన్నగారి తల్లి. ఎనభై రెండేళ్ళు. కాళ్ళ అనే ఊరి దగ్గర మా సొంతూళ్ళో ఉంటారు. ఆ రోజు ఎవరినీ గరిటె ముట్టుకోనివ్వకుండా తనే వడ్డించారు. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో వంటింటికి వెళ్ళొచ్చే వేగానికి నాకు కావలసినంత తీరిక దొరికింది. రెండాకులూ ఖాళీ చేశాను. ఆవిడ ఖాళీ ఆకు చూసి మురిసిపోయి మళ్ళీ వేశారు. మళ్ళీ ఖాళీ చేశాను.

చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చున్నానో లేదో, రొమ్ము మధ్యలో నిప్పు పెట్టినట్టయింది. ఒళ్ళంతా చెమట. తాతగారు గుండెపోటుతోనే పోయారన్న సంగతి అప్పుడే గుర్తుకు రావాలా! "సత్యా, నేను పోతున్నాను," అన్నాను. సిగ్గుచేటు, కానీ ఆ మాటే అన్నాను.

కారు సత్యే నడిపింది, పొట్ట స్టీరింగుకి ఆనుతుంటే. వెనక సీట్లో మామ్మగారు నా తల ఒళ్ళో పెట్టుకుని దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తున్నారు. భీమవరం ఆసుపత్రి గుమ్మంలో వీల్‌చెయిర్ పరిగెత్తుకొచ్చి సత్య ముందు ఆగింది.

"నాకు కాదండి. ఆయనకి," అంది సత్య.

ఇ.సి.జి. తీశారు, రక్తం తీశారు. కాసేపటికి డ్యూటీ డాక్టరు కాగితం పట్టుకుని వచ్చాడు. కుర్రాడు. నవ్వు ఆపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. "గుండె బ్రహ్మాండంగా ఉందండి. ఎసిడిటీ. ఏం తిన్నారు?"

చెప్పుకొచ్చాను. పులుసు దగ్గరికి వచ్చేసరికి, "ఎన్ని ముక్కలండి?" అన్నాడు.

"పన్నెండు."

"ఆరే వేశానండి వీడికి," అన్నారు మామ్మగారు డాక్టరుతో. "లెక్క నాకు తెలుసు. ఆరు వీడికి, ఆరు అమ్మాయికి."

మామ్మగారు నెమ్మదిగా సత్య వైపు తిరిగారు. "అయితే నువ్వేం తిన్నావు తల్లీ?"

"మజ్జిగన్నం, మామ్మగారూ."

"మిగతా ఇళ్ళలోనూ అంతేనా?"

"ఆయ్."

"ఆకు ఖాళీగా కనబడితే ఇంకా ఆకలేమో అని మళ్ళీ మళ్ళీ వేశానే!"

అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్న సత్యకి ఒక్కసారిగా ఏడుపొచ్చింది. "రొయ్యకైతే పళ్ళెం పెట్టి, మిగిలిందో లేదో చూసి మరీ మేత వేయిస్తారు మామ్మగారూ ఈయన. నా ఆకులో మిగిలింది మాత్రం ఎవరికీ కనబడకుండా తినేశారు." తరవాత నా వైపు తిరిగింది. "దారంతా అద్దంలో మిమ్మల్నే చూసుకుంటూ నడిపాను. ఒక్క మాట చెప్పడం కంటే గుండెపోటు తెచ్చుకోవడం తేలికనిపించిందా మీకు?"

ఖాళీ పళ్ళెం సంగతి నాకు అప్పుడు తట్టింది. చెప్పేవన్నీ శ్రీరంగనీతులే. రొయ్యలు కూడా నవ్వేవి నన్ను చూసి. నాకు నవ్వు రాలేదు. ఆవిడ అడిగిందల్లా ఒక్క మాట. అది ఇవ్వలేక ఆవిడ పులుసంతా తినేసి, అదేదో త్యాగమనుకున్నాను. చాలా సిగ్గేసింది.

మామ్మగారు చీర కొంగుతో సత్య కళ్ళు తుడిచారు. "మీ నాన్న కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇదే మంట బాబూ. మా అత్తగారు పెట్టింది పెట్టినట్టు తినేదాన్ని. గడపలో కూర్చుని తెల్లవార్చేదాన్ని. మీ తాతయ్యగారు మంచివారే. పక్కనే కూర్చుని భోంచేసేవారు, అంతా చూసేవారు. ఒక్కసారీ చాలమ్మా అనలేదు." నా వైపు చూశారు. "నువ్వూ అనలేదు. కాకపోతే తినిపెట్టావు. అదే తేడా."

డాక్టరు నాకూ ఆ గులాబీరంగు సిరప్పే రాశాడు. ఇప్పుడు మా ఇంట్లో రెండు సీసాలు. పిన్నిగారి లెక్క ప్రకారం ఆ మంటకి నా నడినెత్తి మీద ఈపాటికి అడవి మొలవాలి. ఇంకా ఏమీ కనబడలేదు.

తరవాతి పిలుపు ఆదివారం, కొవ్వూరులో. రాజరత్నం అత్తయ్యగారు మా మేనత్త, మామ్మగారి కూతురు. మామ్మగారికి ఫోన్ చేసి, "మీ అమ్మాయే కదండీ, ముందుగా మీరో మాట చెప్పేస్తే..." అని నసిగాను.

"నేను చెప్పను. నోరు నీకుంది కదా," అని పెట్టేశారు. ఆదివారం పొద్దున్నే తయారై భీమవరం వచ్చి, మా కారులో తనూ ఎక్కారు.

నిడదవోలు దాటేదాకా ఆ మాట సాధన చేస్తూనే ఉన్నాను. చాలండి, ఆవిడకి పడదండి. చాలండి, ఆవిడకి పడదండి. అత్తయ్యగారింట్లో అడుగు పెట్టగానే వాసన తగిలింది. గోదారికి వరదనీరు వచ్చిన రోజులు మరి. అత్తయ్యగారు రేవులో ముందే చెప్పి పెట్టి, పులస తెప్పించారు. పుస్తెలమ్ముకునైనా తినాలనే చేపని వద్దనాలి నేను. దేవుడికి నా మీద ఏం కోపమో తెలియదు.

ఆకులు వేశారు. నేను, సత్య, ఆవిడ పక్కన మామ్మగారు. సత్య రెండు ముద్దలు పులుసన్నం తిని, మిగతాది ఆకులో ఒక పక్కకి జరిపి చెయ్యి ఆపేసింది. నా ఆకులోకి జరపలేదు. నా వైపు చూడలేదు కూడా. అందరికీ కనబడేలా అన్నం అక్కడే ఉంది.

"అదేంటి తల్లీ, అలా వదిలేశావు? బాగోలేదా?" అంటూ అత్తయ్యగారు గరిటె నిండా పులుసుతో, పెద్ద ముక్కతో వంగారు.

సాధన చేసిన మాట ఎటు పోయిందో తెలియదు. గరిటె దిగుతోంది. ఎంగిలి చెయ్యని కూడా చూసుకోకుండా రెండు చేతులూ తీసుకెళ్ళి సత్య ఆకు మీద కప్పేశాను.

"చాలండి అత్తయ్యగారూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పులుసు అమృతంలా ఉంది. ఆవిడకి మంటొస్తుంది. తింటే రాత్రంతా కుర్చీలో కూర్చుంటుంది. ఆకులో ఉన్నది అలాగే ఉండనివ్వండి."

అత్తయ్యగారు నా చేతుల వైపు చూశారు, సత్య మొహం వైపు చూశారు. గరిటె వంచినవారు వంచినట్టే ఉన్నారు. పులసని వెనక్కి తీసుకెళ్ళే అలవాటు ఆవిడకి లేదు. నా రెండు చేతులూ సత్య ఆకు మీద ఉన్నాయి, నా ఆకుకి కాపలా లేదు. గరిటె అటు తిరిగింది. అంతలో సత్య చెయ్యి చటుక్కున వచ్చి నా ఆకు మీద వాలింది.

"ఈయనకీ చాలండి," అంది. చాలా రోజుల తరవాత నవ్వింది.

అత్తయ్యగారు ఉసూరుమని గరిటె మామ్మగారి వైపు తిప్పారు. "కనీసం నువ్వైనా వేయించుకో అమ్మా."

మామ్మగారు తన ఆకులోకి ఒకసారి చూసుకున్నారు. తరవాత ముడతలు పడిన చెయ్యి తీసి నెమ్మదిగా ఆకు మీద అడ్డం పెట్టారు.

"నాకూ చాలు రత్నం," అన్నారు. "ఈ మాట అరవై ఏళ్ళ కిందటే అనాల్సింది."

ఆవిడ ఆకులో సగం అన్నం అలాగే మిగిలింది.