కాపురం ఉన్న తలుపు

సబ్బు కరిగి ముద్దయిపోయింది. దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని భార్య గదిలోకి వచ్చేసరికి అతను చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

"సబ్బుపెట్టెలో నీళ్ళు వంపడానికి మీకేం రోగం?"

"నేను వెళ్ళేసరికే ఉన్నాయి."

"ఉంటే వంపకూడదా?"

"వంపకూడదని కాదు. ఆ నీళ్ళు నేను పోసినవి కావంటున్నాను."

ఇరవై రెండేళ్ళ సంసారంలో ఆమెకు అన్నిటికంటే ఒళ్ళు మండేది ఈ జవాబుకే. తప్పు తనదైతే అడక్కుండానే ఒప్పుకుంటాడు. తనది కానిదాన్ని మాత్రం చిటికెడైనా నెత్తికెత్తుకోడు. సబ్బు దగ్గర మొదలైన మాట అతను రెండేళ్ళ కిందట పోగొట్టుకున్న గొడుగు మీదుగా, పెళ్ళిలో అతని అక్క అన్న మాట దాకా వెళ్ళింది. కాలేజీకి తయారవుతున్న కూతురు తల దువ్వుకుంటూనే, కొత్త సబ్బు కొంటే పోయేదానికి ఇంత చరిత్ర ఎందుకని అడిగింది. ఇద్దరూ ఒక్కసారే ఆమెను కసిరారు. దాంతో గొడవ ముగిసింది.

అతను సంచీ తీసుకుని కొట్టుకు బయలుదేరాడు.

వీధిలో అందరూ అతన్ని తాళాలాయన అంటారు. పొడవూ కాదు, పొట్టీ కాదు. రెండుసార్లు చూసినా మూడోసారి గుర్తుపట్టలేని ముఖం. చేతులు మాత్రం ఒకసారి చూస్తే గుర్తుంటాయి. అరచేతి గీతల్లో ఇత్తడి పొడి ఇంకిపోయి, ఎంత కడిగినా పచ్చగా మెరుస్తుంది. కొట్టు అంటే మందుల దుకాణానికీ జిరాక్సు దుకాణానికీ మధ్య మిగిలిపోయిన సందు. ఒక బీరువాను అడ్డంగా పెడితే నిండిపోతుంది. అందులోనే ఒక పీట, తాళంచెవులను బిగించి పట్టుకునే ఇనుప పట్టు, గోడకు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా వేలాడే, ఇత్తడిని అరగదీసే ఆకురాళ్ళు. ఏ ఆకురాయినీ అతను చూసి తీయడు. చెయ్యి చాపితే కావలసింది చేతికి వస్తుంది.

తొమ్మిదిన్నరకు ఒక చిన్నపిల్ల తల్లి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. గాలికి తలుపు మూసుకుని తాళం పడిపోయింది, పిల్ల లోపల నిద్రపోతోంది. అతను సంచీ భుజాన వేసుకుని ఆమె వెంట వెళ్ళాడు. తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని పనిముట్లు విప్పుతూ, ఎప్పుడూ అడిగే మాటే అడిగాడు.

"తలుపు తీయగానే ఎడమచేతి వైపు ఏముంటుందమ్మా?"

"లోపల పిల్ల ఉందండీ, ఇప్పుడా మాటలు?"

"చెప్తూ ఉండమ్మా. నా పని నేను చేస్తూనే ఉన్నాను."

చెప్పుల అర అంది. పక్కన విరిగిన గొడుగు అంది. పైన కేలెండరు, పోయిన నెలదే, తిప్పలేదు అనేసరికి తలుపు తెరుచుకుంది. అతను ఎడమ వైపు ఒక్కసారి చూశాడు. పోయిన నెలే. వెంటనే ముఖం వీధి వైపు తిప్పేసుకుని పనిముట్లు సర్దుకున్నాడు. తెరిచిన ఇంట్లోకి అతను అంతకు మించి చూడడు.

ఆ ప్రశ్న అతనికి ఎవరూ నేర్పలేదు. పని మొదలుపెట్టిన రెండో ఏడు ఒక ఇంటి యజమాని వచ్చి, అద్దెకున్నవాళ్ళు చెప్పకుండా పోయారని తీసుకెళితే, ఒక గది తాళం తీశాడు. తీయగానే ఎడమ వైపు తాడు మీద పిల్లవాడి స్కూలు నిక్కరు ఆరేసి ఉంది. దాని కొసనుంచి ఇంకా నీటి చుక్క పడుతోంది. చూశాడు. చూసి కూలి తీసుకుని వచ్చేశాడు. ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాం పనినుంచి వచ్చేసరికి సామానంతా వీధిలో వానకు తడుస్తోంది. వాళ్ళు కోర్టుకెళ్ళారు. అతన్ని సాక్షిగా పిలిచారు. తలుపు తీసినప్పుడు లోపల మనుషులు కాపురం ఉన్నట్టు అనిపించలేదా అని వకీలు అడిగాడు. యజమాని కళ్ళతో సైగ చేస్తున్నా, అతను అనిపించిందన్నాడు. ఆ ఒక్క మాటతో వాళ్ళ గది వాళ్ళకు తిరిగి వచ్చింది. గోడలు యజమానివే కావచ్చు, తలుపు లోపలి కాపురం మాత్రం అద్దెకున్నవాళ్ళది, కోర్టు ఉత్తర్వు లేకుండా దాన్ని కదిపే హక్కు ఎవరికీ లేదు అని న్యాయమూర్తి యజమానికి చెబుతూ, ఒకసారి అతని వైపు కూడా చూశాడు. ఆ చూపును అతను ఇప్పటికీ మరిచిపోలేదు.

పదకొండింటికి ఇంటాయన వచ్చాడు. తాళాలాయన కుటుంబం కింద రెండు గదుల్లో ఉండే మేడ ఆయనదే. నవ్వుతూ మాట్లాడే మనిషి. అట్టపెట్టెలోంచి కొత్త తాళం తీసి బల్లమీద పెట్టాడు. నాలుగింటికి వచ్చి పైగది పాత తాళం తీసి ఇది వేయమన్నాడు.

"పిన్ని ఆసుపత్రిలో ఉంది కదండీ," అన్నాడు తాళాలాయన.

"అందుకేగా."

పైగదిలో ఉండే ఆమెను ఆ మేడలో అందరూ టిక్కెట్ల పిన్ని అంటారు. ముప్ఫై ఒక్కేళ్ళు సినిమాహాల్లో టిక్కెట్లు చింపి జనాన్ని సీట్లలో కూర్చోబెట్టింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ గదిలో ఒక్కతే ఉంది. ఏనాడూ అద్దె ఆపలేదు. పన్నెండు రోజుల కిందట మెట్ల మీద పడి తుంటి ఎముక విరిగింది. ఇంటాయన చెప్పినదాంట్లో దాపరికం లేదు. పై అంతస్తు మొత్తం ఒక ఆఫీసువాళ్ళు అడుగుతున్నారు. ఆవిడ ఇక మెట్లెక్కే స్థితిలో లేదు. సామాను మెట్ల కింద భద్రంగా పెట్టిస్తాడు. రేపో మాపో జరగాల్సిందే ఇవాళ జరుగుతుంది.

తాళాలాయన అంతా విని, తన ప్రశ్న అడిగాడు.

"తలుపు తీయగానే ఎడమచేతి వైపు ఏముంటుందండీ?"

"గోడ," అన్నాడు ఇంటాయన. "నా గోడ."

"గోడ మీదే. గోడ పక్కన ఏముంటుంది?"

ఇంటాయన నవ్వాడు. నవ్వు ఆగాక, "నువ్వుండేదీ నా గోడల మధ్యేనయ్యా. నాలుగింటికి ఆ తాళం తీస్తావో, నెలాఖరుకి మీ ఇంటికి తాళం వేసుకుని పోతావో ఆలోచించుకో," అని కొత్త తాళాన్ని అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కోసిన తాళంచెవి తప్పు పోయింది. పళ్ళు లోతుగా పడ్డాయి. మళ్ళీ కోశాడు. అదీ పాడైంది. కూతురి చదువు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఈ వీధిలో ఇల్లు దొరకడం గగనం. ఇల్లు మారితే కొట్టూ దూరమవుతుంది, పద్దెనిమిదేళ్ళుగా నమ్మి తలుపు చూపించే మనుషులూ దూరమవుతారు. అన్నీ తెలుసు. పట్టు వదులు చేసి, చేతులు తుడుచుకుని, కొట్టు మూసి ఆసుపత్రికి వెళ్ళాడు.

ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం ఆమెది. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. మనిషి చిక్కి మంచంలో సగమే ఉంది. కళ్ళు మాత్రం ఎప్పటిలాగే వచ్చినవాణ్ణి ఏ వరసలో కూర్చోబెట్టాలా అన్నట్టు చూశాయి.

జరిగింది దాచకుండా చెప్పాడు.

"తీయొచ్చా అలాగ?" అని అడిగింది.

"తీయకూడదు. నువ్వు ఆసుపత్రిలో ఉన్నంత మాత్రాన గది ఖాళీ చేసినట్టు కాదు పిన్నీ. ఆయనకి కావాలంటే నీకు రాసివ్వాలి, నువ్వు కాదంటే కోర్టులో అడగాలి."

ఆమె దిండు కింద తడుముకుని, చేతిరుమాలు కొసకు కట్టిన తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది. అతను పుచ్చుకోబోయి ఆగాడు.

"తలుపు తీయగానే ఎడమచేతి వైపు ఏముంది?"

"ఓరి నీ అసాధ్యం కూలా, నన్నూ అడుగుతావా? కుర్చీ. కుర్చీ మీద ఉతకాల్సిన బట్టలు. నువ్వు చూడకు, మీ ఆవిణ్ణి పంపు." నవ్వితే నొప్పి పుట్టి పళ్ళు బిగబట్టుకుంది. కాసేపటికి మెల్లగా అంది. "నా గది నేనే సర్దుకోవాలబ్బాయ్. కాళ్ళు రాకపోతే మా అక్క కూతురొచ్చి సర్దాలి. వేరేవాళ్ళు వద్దు. నా ఉద్యోగంలో ఒకళ్ళ సీట్లో ఇంకొకళ్ళని ఏనాడూ కూర్చోబెట్టలేదు నేను."

అక్క కూతురి ఫోన్ నంబరు చెప్పి రాసుకోమంది. రాసుకుని, మంచినీళ్ళ సీసా చేతికందేలా జరిపి వచ్చేశాడు.

నాలుగింటికి ఇంటాయన ఇద్దరు కూలీలతో మేడ ఎక్కేసరికి తాళాలాయన పైగది తలుపు ముందు నిలబడి ఉన్నాడు. సంచీ తేలేదు. కొత్త తాళాన్ని అట్టపెట్టెతో సహా తిరిగి ఇచ్చాడు.

"నువ్వు తీయకపోతే ఊళ్ళో ఇంకొకడు లేడా?" అన్నాడు ఇంటాయన.

"పక్కవీధిలో ఉన్నాడండీ. వాడికి పని నేర్పింది నేనే. పిలవండి, వాడికీ ఇదే చెప్తాను. కోర్టు కాగితం తెస్తే నేనే తీస్తాను. లేకుండా తీస్తే నేను చూశానని చెప్పాల్సొస్తుంది. ఇదివరకొకసారి చెప్పాను."

గొంతు పెంచలేదు. సబ్బు సంగతి మాట్లాడిన గొంతే. కూలీల్లో పెద్దవాడు తాడు కింద పెట్టి, కోర్టు గొడవలైతే తమను వదిలేయమని ఇంటాయనతో అన్నాడు. ముగ్గురూ దిగిపోయారు. పావుగంటలో కింద నీళ్ళ మోటారు ఆగిపోయింది. తాళాలాయన ఇంట్లో కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

భార్య బిందె చంకనెత్తుకుని ఎదురింటికి వెళ్ళి నీళ్ళు మోయడం మొదలుపెట్టింది. కాసేపు చూసి, ఆమె చేతిలోంచి బిందె తీసుకుని తనూ మోశాడు.

ఆరు దాటాక ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. టిక్కెట్ల పిన్ని అయిదూ పదికి పోయింది. నిద్రలోనేనట. వార్డు ఆయా, బాధపడలేదండీ అని రెండుసార్లు చెప్పింది. అతను అక్క కూతురికి ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి చాలాసేపు ఏడ్చి, రేపు సాయంత్రానికి చేరతానంది. ఫోన్ పెట్టేసి గడప మీద కూర్చున్నాడు. జేబులో ఆమె తాళంచెవి తొడకు గుచ్చుకుంటున్నా సరిచేసుకోలేదు.

ఏడింటికి ఇంటాయన స్వయంగా వచ్చాడు. పాపం, మంచి మనిషి అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు. ఇక గొడవేముంది, పొద్దున్నే తీసెయ్యమన్నాడు. పగలు అన్న మాట నేను మరిచిపోతాను, నువ్వూ మరిచిపో, పిల్ల చదువు అయ్యేదాకా నీ జోలికి రాను అన్నాడు. తాళాలాయన, అక్క కూతురు రేపు సాయంత్రం వస్తుందని మాత్రం చెప్పాడు. ఇంటాయన, రానీ, సామాను కిందే ఉంటుందిగా అనేసి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళిన కాసేపటికే మోటారు మోగింది. కుళాయిలో నీళ్ళు ధారకట్టాయి.

ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. భార్య వడ్డిస్తూ, నీళ్ళొచ్చాయి అంది. ఆ మాటలోనే అడగాల్సిందంతా ఉంది.

అతను మొదటి ముద్ద కలిపి, తినకుండా ఆగాడు.

"రేపు కొట్టు తీయను. పొద్దున్నే కోర్టు దగ్గర ఉచితంగా సలహా చెప్పే ఆఫీసుకి వెళ్తాను. ఇవాళ జరిగిందంతా రాసిస్తాను. తాళం సంగతి, నీళ్ళ సంగతి, నెలాఖరు సంగతి. పిన్ని అక్క కూతురొచ్చి, సర్దుకుని, తన చేత్తో ఇంటాయనకి తాళంచెవి ఇచ్చేదాకా ఆ గది తీయను, తీయనివ్వను. మనల్ని పొమ్మంటే కారణం చెప్పి రాసిమ్మందాం. కోర్టు చెప్పేదాకా మనం ఎక్కడికీ పోవడం లేదు."

భార్య చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఆవిడే లేదు. ఒక్క రోజు కోసం ఇంత పంతమా?"

"పంతం కాదు. వేరేవాళ్ళు వద్దని నాతో చెప్పింది. ఆ మాట చెప్పించుకుని వచ్చినవాణ్ణి నేను."

ఆమె అతని కంచంలోకి చూసింది, కుళాయి వైపు చూసింది. తర్వాత కూర వడ్డించి, ఇంకో గరిటె కూడా వేసింది.

"అయితే ఆ రాసిచ్చేదాంట్లో నేను మోసిన బిందెలు కూడా రాయించండి. పదకొండు."

"తొమ్మిది," అన్నాడు. "రెండు నేను మోశాను."

కూతురికి నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు సగంలో ఆగిపోయి, చూపు కిటికీ గట్టు మీదికి వెళ్ళింది. పోయిన నెల కరెంటు పోయినప్పుడు చదువుకోవడానికి టిక్కెట్ల పిన్ని ఇచ్చిన సినిమాహాలు టార్చి అక్కడ అద్దం కిందికి చేసి నిలబెట్టి ఉంది; తిరిగి ఇచ్చేటప్పుడు వేసి ఇద్దామని కొన్న రెండు కొత్త సెల్లులు దాని పక్కనే, కాగితం విప్పకుండా.