గడియకు ఇవతల

"పిండిని కొట్టకమ్మాయ్, తొయ్యి. మోచెయ్యి దించు," అంది అత్తగారు.

రుయిహువా మోచెయ్యి దించింది. బలం మడమలోంచి లేచి, నడుం మీదుగా అరచేతిలోకి వచ్చింది. పిండిముద్ద కిమ్మనకుండా లొంగింది. తన ఒంట్లో ఇంత బలం ఉందని ఈ ఇంటికొచ్చాకే తెలిసింది ఆమెకి. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది, పొయ్యి ముందు ఒంటరిగా ఉన్నా సరే.

పుట్టింట్లో ఇదే ఒళ్లు నీళ్లు మోయడానికి తప్ప కొరగాలేదు. నాన్న పేరుమోసిన సాము గురువు. అన్నలు సాము చేసి వస్తే చెమట బట్టలు ఉతకడం, వాపులకి కాపడం పెట్టడం ఆమె వంతు. నాకూ నేర్పు నాన్నా అంటే, "ఆడపిల్లకి నేర్పడమంటే పక్కింటి చెట్టుకి నీళ్లు పొయ్యడమే. వెళ్లి అన్నం సంగతి చూడు," అనేవాడు. మెంగ్ వారింట్లోనూ కట్టుబాటు అదే, కాకపోతే ఇక్కడామె కోడలు. విద్య కొడుకులకిస్తారు, కోడళ్లకిస్తారు. కూతుళ్లకి మాత్రం ఇవ్వరు, మూటగట్టుకుని అత్తారింటికి పట్టుకుపోతారని. "మా చెల్లికి లేని భాగ్యం నీకు దక్కింది, గుర్తుంచుకో," అంటాడు మొగుడు దెషెంగ్, తన జేబులోంచి తీసిచ్చినట్టు. మామగారిది ఒకటే మాట: "కూతురి చెవిన పడిందా, కోడలి విద్య ఆ రోజుతో ఆఖరు."

వంటిల్లు సర్దాక అత్తగారు సాము నేర్పడానికి పెరట్లోకి నడిచి, రోజూలాగే "గడియ వెయ్యి" అంది.

ఆ గడియ దొంగల కోసం కాదు, ఆడబిడ్డ శియావ్‌మాన్ కోసం. ఆ పిల్ల ఇంకా మూయని తలుపవతల అన్న చెమట చొక్కాలు ఉతుకుతోంది. చొక్కా పిండేటప్పుడు మడమ నేలకి తన్నిపెట్టింది గానీ, మోచెయ్యి గాల్లోకి లేచిపోయింది. తలుపు వెనకనుంచి విన్నదే తప్ప చూసి ఎరగదు కదా.

"వేసుకో వదినా, వేసుకో. చెవులకి గడియ లేదుగా," అంది శియావ్‌మాన్, తలెత్తకుండానే.

రుయిహువాకి సిగ్గేసింది. నాన్న వేసిన తలుపు అవతల ఇలాగే కూర్చునేది తను. ఈ విద్య పోతే మళ్లీ నీళ్లు మోసే ఒళ్లే మిగులుతుంది. భయమేసింది కూడా. అయినా చెయ్యి చాచింది.

"లే. మీ అన్న చొక్కా ఎక్కడికీ పారిపోదు."

పిల్లని లోపలికి లాగి, గడియ వేసింది.

అత్తగారు కూతుర్ని చూసింది, కోడల్ని చూసింది. "మీ మామగారికి తెలిస్తే?"

"గడియ వేసే ఉందిగా అత్తయ్యా."

అత్తగారు నడికట్టు బిగించి, ఎప్పటిలాగే ఎదురుగా నిలబడింది.

"మోచెయ్యి దించు," అంది.

ఇద్దరూ దించారు.