నల్లలోయ కొమ్ముబూర

నేను ఒక నల్ల ఎద్దు తల మీద ఎడమవైపు పెరిగిన కొమ్మును. ఆ ఎద్దు వేల్స్ దేశానికి ఉత్తరాన, కొండల నడుమ నల్లలోయ అనే చోట పుట్టింది. వాన, రాయి, గడ్డి తప్ప అక్కడ పెద్దగా ఏమీ ఉండేవి కావు. అలాంటి చోటు కోసం కూడా మనుషులు తలలు నరుక్కుంటారని ఆ ఎద్దుకు తెలియదు. నాకు తర్వాత తెలిసింది.

తూర్పున ఇంగ్లండు ఉంది. అక్కడ గద్దెనెక్కిన ప్రతి రాజుకూ ఎప్పుడో ఒకప్పుడు మా కొండలు గుర్తొచ్చేవి. గుర్రాలతో, ఇనుప చొక్కాలతో వాళ్ళు దండెత్తి వచ్చేవారు. మా వాళ్ళ దగ్గర గుర్రాలూ తక్కువే, ఇనుమూ తక్కువే. కొండ ఎక్కడం మాత్రం బాగా వచ్చు. శత్రువు వస్తున్నాడని తెలియగానే ఊరంతా పిల్లలనెత్తుకుని, పశువులను తోలుకుని పై అడవిలోకి వెళ్ళిపోయేది. వచ్చినవాళ్ళు ఖాళీ ఇళ్ళను తగలబెట్టి, కొన్నాళ్ళు వానలో నాని, తిండి చాలక వెనక్కి మళ్ళేవారు. అప్పుడు ఇరుకు దారుల్లో మా విలుకాళ్ళు వాళ్ళ కోసం కాచుకుని ఉండేవారు. మా యుద్ధమంతా అదే. దానికి కావలసిందల్లా సంగతి ముందుగా తెలియడం.

నన్ను చేసింది అందుకే. శత్రువులు ధాన్యపు కొట్లు కాల్చిపోయిన ఒక ఏడు, చలికాలపు ఆకలికి తాళలేక ఆ ఎద్దును కోశారు. మాంసం ఊరంతా పంచుకున్నారు. తోలు చెప్పులయింది. గ్రోనో అనే కావలివాడు నన్ను ఇంటికి తీసుకుపోయి, నీళ్ళలో ఉడకబెట్టి, లోపలి ఎముకను లాగేసి, కొన కోసి, ఎర్రగా కాల్చిన చువ్వతో తొలిచాడు. వెడల్పు మూతికి ఇనుప పట్టీ బిగించాడు. పుట్టడమంటే ఇంత బాధా అనిపించింది. ఆ తర్వాత అతను నన్ను పెదాలకు ఆనించి ఊదాడు. అవతలి కొండ పలికింది. ఎద్దు తల మీద ఉన్నన్నాళ్ళూ నాకొక గొంతు ఉందని నాకే తెలియదు.

నల్లలోయలోకి రావాలంటే ఏరు దాటాలి. దాటగలిగిన రేవు ఒక్కటే ఉంది. ఆ రేవు మీదికి వంగినట్టు నిటారుగా ఒక బండ ఉండేది. వెనకవైపు నుంచి మా వాళ్ళకు తప్ప మరొకరికి తెలియని మేకదారి ఒకటి దాని మీదికి పోతుంది. గ్రోనో కాపలా అక్కడే. అతనికి ఊపిరితిత్తులు దెబ్బతిని, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వచ్చే రోజులు రాగానే నన్ను కొడుకు మైలిర్‌కు ఇవ్వబోయాడు.

"ఆ బండ మీద కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది నాన్నా. చెల్లికియ్యి," అన్నాడు మైలిర్ నవ్వుతూ.

అతను ఒకచోట నిలిచే మనిషి కాదు. పశువుల వెంట తిరగడం, పాడడం, పక్కవాళ్ళను నవ్వించడం అతని పని. చెల్లెలు హునిద్ అందుకు పూర్తిగా వేరు. రోజంతా మాట్లాడకుండా ఉండగలదు, పొగమంచులో మనిషికీ పొదకూ తేడా చెప్పగలదు. ఊరిపెద్ద ఐనియన్‌కు మాత్రం అది నచ్చలేదు.

"ఆడపిల్ల ఊదితే శత్రువొచ్చాడనుకోవాలా, దూడ తప్పిపోయిందనుకోవాలా?" అన్నాడు.

"దూడ కోసమైతే అంత కొండెక్కను తాతా," అంది హునిద్.

నిజానికి ఆమె మొదటిసారి ఊదినప్పుడు నా గొంతు దూడ గొంతులాగే వచ్చింది. ఆకులు మేస్తున్న మేకలు కూడా తల ఎత్తలేదు. కానీ ఆమె విడవలేదు. పెదాలు పగిలేదాకా ఊది ఊది, చివరికి తండ్రి కంటే ఎక్కువ దూరం నన్ను పలికించింది. గ్రోనో ఆ ధ్వని విని, మంచం మీదే కళ్ళు మూసుకుని తల ఊపాడట. ఆ చలికాలంలోనే పోయాడు.

మరుసటేడు పెద్ద యుద్ధం మొదలైంది. ఈసారి ఇంగ్లండు రాజు సైనికులతో పాటు కట్టెలు కొట్టేవాళ్ళను కూడా పంపాడు. వాళ్ళు అడవిని దారి పొడుగునా నరుక్కుంటూ, మా విలుకాళ్ళు దాక్కోవడానికి చెట్టు లేకుండా చేసుకుంటూ వచ్చారు. సముద్రం వైపు ఓడలు నిలిపి ఉప్పు రాకుండా చేశారు. ఉప్పు లేకపోతే చలికాలానికి మాంసం నిలవ ఉండదు. ఊరు ఆకలికి చస్తుంది.

"నేను వెళ్ళి తెస్తా," అన్నాడు మైలిర్. తల్లి లైకీ వద్దంది. అతను ఆమె బుగ్గ గిల్లి, ఏదో పాట పాడుకుంటూ వెళ్ళిపోయాడు. చాలా రోజులు తిరిగి రాలేదు.

ఒకనాటి పొద్దున పొగమంచు విడుతుండగా ఏటి అవతల గొడ్డళ్ళు మెరిశాయి. వాటి వెనక గుర్రాలు. అన్నిటికంటే ముందు, మెడకు తాడుతో, చేతులు వెనక్కి విరిచి కట్టిన ఒక మనిషి. హునిద్ నన్ను అప్పటికే పెదాల దాకా ఎత్తింది. ఆ నడక గుర్తుపట్టి ఆగిపోయింది.

ఒకతను గుర్రం దిగి నీటి అంచుకు వచ్చి, మా భాషలోనే కేకవేశాడు. అతని పేరు ఇథెల్. సరిహద్దు పల్లపు ప్రాంతంవాడు, మా వాడే. ఇంగ్లండు దొర దగ్గర వాళ్ళ మాటలను మా భాషలోకి మార్చి చెప్పే కొలువులో ఉన్నాడు.

"బండ మీది పిల్లా! నువ్వక్కడున్నావని మాకు తెలుసు. కొమ్ము ఊదావో, నీ అన్న ఇక్కడే చస్తాడు. ఊరకున్నావంటే వదిలేస్తాం. దొరగారి మాట ఇది!"

బండ మీద కావలి ఉంటుందని వాళ్ళకు ఎవరు చెప్పారో హునిద్‌కు అర్థమైంది. అన్న మొహం వాచిపోయి ఉంది. ఒక కన్ను తెరుచుకోవడం లేదు. ఎంత కొడితే చెప్పాడో ఆ మొహమే చెబుతోంది.

ఆమె వెనక లోయలో ఇళ్ళ మీద పొద్దుటి పొగ లేస్తోంది. పసిపిల్లలు, నడవలేని ముసలివాళ్ళు, పాలు పితుకుతున్న ఆడవాళ్ళు, ఎవరికీ ఏమీ తెలియదు.

అప్పుడు మైలిర్ తల పైకెత్తాడు. అతను నవ్వించే మనిషి. ఆ గొంతు అలా వణకడం నేను ఎన్నడూ వినలేదు.

"ఊదకే హునిద్! నీకు దండం పెడతా, ఊదకే! నన్ను చంపేస్తారే!"

ఆమె నన్ను ఊదింది.

నేను చేయగలిగిందేమీ లేదు. కొమ్ములో గాలి పోస్తే పలకాల్సిందే. ఊపిరి అయిపోయేదాకా ఊదింది, మళ్ళీ పీల్చుకుని మళ్ళీ ఊదింది. కళ్ళు మాత్రం మూసుకోలేదు. కింద రేవులో తాడు లాగి అతన్ని ఏం చేశారో అంతా చూసింది, ఊదుతూనే చూసింది. ఆమె పెదాల తడి, కన్నీళ్ళ తడి ఒకటై నాలోకి కారాయి.

సైన్యం ఏరు దాటి లోయలోకి వచ్చేసరికి ఒక్క మనిషి లేడు. పొయ్యిల మీద గంజి ఇంకా ఉడుకుతోంది. వాళ్ళు కోపం కొద్దీ ఇళ్ళు కాల్చి, వానలు ముదిరాక వెనక్కి మళ్ళారు. ఇరుకు దారిలో మిగిలిన చెట్ల చాటున మా వాళ్ళు వాళ్ళలో చాలామందిని పడగొట్టారు. ఊరు గెలిచింది. కాలిన ఇళ్ళ మధ్య నిలబడి ఒకరినొకరు కౌగిలించుకున్నారు.

లైకీ కూతురి భుజాలు పట్టుకుంది. కొడుకు పోయాడన్న సంగతి ఆమెకు అప్పటికే తెలుసు.

"చివరికి ఏమన్నాడే? నీతో ఏమన్నా అన్నాడా?"

హునిద్ ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుంది.

"ఊదమన్నాడమ్మా," అంది. "నా గురించి చూడకు, ఊదెయ్ చెల్లీ అన్నాడు."

తల్లి అక్కడే కూలబడి ఏడ్చింది. కానీ ఆ ఏడుపు కాస్త వేరుగా వినిపించింది నాకు. చేతికి పట్టుకోవడానికి ఏదో దొరికినవాళ్ళు ఏడ్చే ఏడుపు అది. ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. ఐనియన్ చెప్పిన తీరులో మైలిర్ రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. తర్వాత చెప్పినవాడి నోట దొర మొహాన ఉమ్మేశాడు కూడా. పాట కట్టారు. పిల్లలు రేవు దగ్గర ఆ ఆట ఆడుకున్నారు. మనుషులకు చచ్చినవాడు చాలడు, నవ్వుతూ చచ్చినవాడు కావాలి. ఆ పాట మొదలైనప్పుడల్లా హునిద్ లేచి నీళ్ళకు వెళ్ళేది.

గెలుపు ఎంతోకాలం నిలవలేదు. మా రాజు యుద్ధంలో పడిపోయాడు. విడివిడిగా పోరాడిన ఊళ్ళు విడివిడిగానే లొంగాయి. నల్లలోయ నుంచి విల్లులు, బల్లేలు పోగుచేసుకుపోవడానికి సైనికులు వచ్చిన రోజున వాళ్ళతో ఇథెల్ కూడా ఉన్నాడు. హునిద్ ఇంటి గోడకు వేలాడుతున్న నన్ను చూసి, చేత్తో తడిమాడు.

"ఇదేనా?" అన్నాడు. నన్ను గోడ మీంచి తీసి తన భుజానికి తగిలించుకున్నాడు.

ఏరు సముద్రంలో కలిసే చోట వాళ్ళు కోట కట్టడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటినీ వెట్టికి తోలారు. మగవాళ్ళు రాళ్ళు లాగేవారు, ఆడవాళ్ళు సున్నపు బట్టీకి కట్టెలు మోసేవారు. ఇథెల్ వాళ్ళ మీద మేస్త్రీ అయ్యాడు. పొద్దున్నే నన్ను ఊది అందరినీ పనికి పిలిచేవాడు. ఒకప్పుడు నా గొంతు విని ఎవరు పరుగెత్తి ప్రాణాలు దక్కించుకున్నారో, ఇప్పుడు అదే గొంతు విని వాళ్ళే లేచి తమ మెడకు ఉరిలాంటి గోడను కట్టడానికి వచ్చేవారు. నేను పలికాను. గాలి పోస్తే పలకాల్సిందే కదా.

ఒకరోజు గంజి తాగే వేళ, లైకీ కట్టెల మోపు దించి నేరుగా ఇథెల్ దగ్గరికి వచ్చింది. హునిద్ ఆపేలోపే అడిగేసింది.

"నాయనా, ఆ రోజు రేవు కాడ నువ్వే కదా కేకేసింది? నా కొడుకు మాట నువ్వూ విని ఉంటావు."

చుట్టూ ఉన్నవాళ్ళు తాగడం ఆపారు. హునిద్ చిప్ప కింద పెట్టి తల్లి వెనక్కి వచ్చింది. ఇథెల్ ముసలామెను చూశాడు, తర్వాత ఆమె వెనక నిలబడ్డ కూతురిని చూశాడు. నేను అతని భుజాన ఉన్నాను. నా ఇనుప పట్టీని వేలితో ఒకసారి తడిమాడు.

"విన్నానవ్వా," అన్నాడు. "ఊదమనే అరిచాడు. అలాంటివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు."

లైకీ అతని చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. తన కొడుకు మెడకు తాడు కట్టినవాళ్ళ తరఫున కేకవేసినవాడి చేతులవి. హునిద్ మొహం తిప్పుకుంది.

ఆ చలికాలం లైకీ దగ్గుతో పోయింది. పూడ్చివచ్చిన మర్నాడు హునిద్, గోడ మీద పని చూస్తున్న ఇథెల్ దగ్గరికి నడిచింది.

"అమ్మకు అబద్ధమెందుకు చెప్పావు?"

"నిజం చెబితే ముసలామె మోపు ఎత్తేది కాదు. నాకు పని కావాలి."

"అంతేనా?"

అతను సముద్రం వైపు తిరిగాడు. "ఆ రోజు నుంచి నాకు కూడా అతని మాటే వినబడుతోంది," అన్నాడు. "ఏ మాటో నీకు తెలుసు." తర్వాత ఎవరో పిలిస్తే, నన్ను తీసి రాళ్ళ మీద పెట్టి నిచ్చెన దిగి వెళ్ళాడు. మరిచిపోయి పెట్టాడో, తెలిసే పెట్టాడో నేను చెప్పలేను.

ఆ కోట గోడలు రెండు పొరలుగా లేచేవి. నడుమ ఖాళీలో రాళ్ళ ముక్కలు, తడిసున్నం పోసి నింపేవారు. హునిద్ నన్ను చేతుల్లోకి తీసుకుంది. చాలా కాలం తర్వాత ఆ పెదాలు నన్ను తాకాయి. ఊదుతుందనుకున్నాను. ఊదలేదు. నాలోకి మెల్లగా, ఎవరికీ వినబడకుండా చెప్పింది.

"ఊదొద్దన్నాడు. భయపడ్డాడు. మా అన్న భయపడ్డాడు, అయినా నేను ఊదాను."

నన్ను ఆ గోడ నడుమ జారవిడిచింది. పైనుంచి సున్నం పడింది.

ఇథెల్ నా కోసం వెతికించలేదు. మర్నాటి నుంచి ఇనుప రేకు మీద కొట్టి పనివాళ్ళను పిలిచారు. ఆ మోత గోడలోంచి నాకు వినిపించేది. హునిద్ ఎన్నాళ్ళు బతికిందో, కట్టెలు మోస్తూనే పోయిందో, నాకు తెలియదు. ఆ కోటను మా వాళ్ళు ఆ తర్వాత ఎన్నోసార్లు ముట్టడించారు, ఒకసారి కాల్చారు కూడా. ఇప్పుడు పైకప్పు లేదు. పిట్టలు గూళ్ళు కడతాయి. సున్నం గట్టిపడి నా మూతి నిండిపోయింది. కొండలన్నీ వినేలా పలికినదాన్ని, ఒకే ఒక్క మాటను పట్టుకుని ఉన్నాను. అది నవ్వుతూ చచ్చినవాడి మాట కాదు. బతకాలని ఉన్న ఒక కుర్రవాడిది.