బ్రిజిత్ చేసిన మర్యాద

మా దేశ రాజధాని వాగదూగులో, బస్టాండుకి పావుగంట నడక దూరంలో మూడు వేపల హోటలు ఉంది. చెట్లు రెండే. మూడోదాన్ని ప్రహరీ కట్టేటప్పుడు కొట్టేశారు. బోర్డు మార్చడం ఎందుకని పేరు అలాగే ఉంచేశారు. పన్నెండు గదులు, వాకిట్లో నాలుగు ఇనప బల్లలు, ఆ చివర నుంచి ఈ చివరకు బట్టలారేసే తీగ. గేటు పక్కన కౌంటరు వెనక బ్రిజిత్ బాజియే కూర్చుంటుంది. హోటలు ఆమెదే.

బుధవారం మధ్యాహ్నం నేను లోపలికి అడుగుపెట్టేసరికి ఆమె బాంసేని ఆపి అతని సంచీ సోదా చేస్తోంది. బాంసే మా ఊరు గారంగో వైపువాడే. మోటారు సైకిళ్ళ విడిభాగాల వ్యాపారం. నెలకోసారి సరుకు కోసం వచ్చి ఇక్కడే దిగుతాడు.

"ఆ లుంగీ మడత విప్పు. బీసావాడు సంచీ తెచ్చాడంటే అందులో పల్లీలు లేకుండా ఉంటాయా? నా హోటల్లో ఎలుకలు చేరిందే నీ మూలంగా" అంటోంది బ్రిజిత్.

"మీ రేయో ఊళ్ళో కుక్కలన్నీ నీ భయానికి ఘనా పారిపోయాయటగా. ఇక మిగిలినవి ఎలుకలే. వండుకో" అన్నాడు బాంసే.

ఇద్దరూ హాయిగా నవ్వుకుంటున్నారు. అప్పుడు ఆమె తలెత్తి నన్ను చూసింది. లేచి నిలబడింది. జాకెట్టు మోచేతి దగ్గరి చిరుగును పైగుడ్డతో కప్పుకుంది.

"రండి సార్. గది కావాలాండీ?"

ముప్ఫయ్యేళ్ళుగా నన్ను చూసిన ప్రతిసారీ ఆమె మొదట అనే మాట 'పల్లీల దొంగ'. అది అన్నాకే మంచినీళ్ళు ఇచ్చేది. ఇప్పుడు రిజిస్టరు తెరిచి, పెన్ను నా వైపు తిప్పి పెట్టి, నా పేరేమిటని అడిగింది.

సాలిఫ్ యాబ్రే, ఉపాధ్యాయుడు, గారంగో అని రాశాను. నా చేతిరాత ఎప్పుడూ బాగుంటుంది. ఆ రోజు బాగా రాలేదు.

మేం బీసాలం, ఆమె గురున్సీ. మా రెండు జాతుల మధ్యా పుట్టుకతోనే వేళాకోళం వరస. ముక్కూ మొహం తెలియకపోయినా ఇంటిపేరు వినగానే తిట్టుకోవచ్చు. మేం పల్లీలకు పడి చస్తామని వాళ్ళు, వాళ్ళు కుక్కల్ని తింటారని మేం. నువ్వు నా బానిసవంటే నువ్వే నా బానిసవనుకోవచ్చు. కోపం తెచ్చుకోవడం మాత్రం కుదరదు. చావు ఇంట్లో కూడా ఈ వరస ఆగదు. అక్కడే ఇంకా ఎక్కువ. పోయినవాళ్ళ నడక నడిచి, వాళ్ళ గొంతుతో మాట్లాడి, ఏడుస్తున్నవాళ్ళను నవ్వించేది ఆ వరసవాళ్ళే. అది వాళ్ళ హక్కు, వాళ్ళ పని కూడా.

నా భార్య అసెతా పోయి అప్పటికి ముప్ఫై ఏడు రోజులు. కూరల్లో వేసే సుంబాలా ఉండలు తయారుచేసి ఏడాదికి రెండుసార్లు ఇక్కడి మార్కెట్టుకు తెచ్చేది. ఎప్పుడు వచ్చినా మూడు వేపల్లోనే నాలుగో గది. పులిసిన సుంబాలా వాసన గోడలకు పట్టేసిందని బ్రిజిత్ గోల. ఆ వాసన కోసమే జనం నీ హోటలుకి వస్తున్నారని అసెతా జవాబు. అలా తిట్టుకుంటూనే ఇద్దరూ ఒకే కంచంలో తిని, ఒకరి పిల్లల పెళ్ళిళ్ళకు ఒకరు వెళ్ళారు.

మట్టిచేసిన రోజు గురించి ఎక్కువ రాయను. బ్రిజిత్ తెల్లవారుజామున బయలుదేరి వచ్చింది. అసెతా గుడ్డే కట్టుకుని, అసెతా లాగే నడుస్తూ గొయ్యి దగ్గరకు వచ్చింది. ఒళ్ళోంచి పల్లీలు తీసి గొయ్యి అంచున చల్లింది. "లేవే, పల్లీలొచ్చాయి. ఇవి చూసి కూడా లేవలేదంటే నిజంగానే పోయావన్నమాట" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు కన్నీళ్ళతోనే నవ్వారు. మా అత్తగారు కూడా నవ్వబోయింది. నేను ముందుకు వెళ్ళి బ్రిజిత్ చెయ్యి పట్టుకున్నాను. బ్రిజిత్ గారూ, దయచేసి ఈ రోజుకు వద్దు, క్షమించండి అన్నాను. చాలా మర్యాదగా అన్నాను.

ఆమె ఆగిపోయింది. గుడ్డ విప్పి, మడతపెట్టి, నా చేతిలో పెట్టి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది.

శనివారం నలభయ్యో రోజు, వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టాలి. మా అత్తగారు పోయిన వారం నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. తన కూతురు నవ్వు లేకుండా వెళ్ళిపోయిందని, దారిలో ఎక్కడో నిలబడి వెనక్కి చూస్తూ ఉంటుందని, బ్రిజిత్ రాకపోతే శనివారం తాను పొయ్యి వెలిగించేది లేదని చెప్పింది. ఆపింది నేను కాబట్టి తేవలసింది నేనే అంది. ఆవిడకు ఎనభై రెండేళ్ళు. అసెతా పోయిన దగ్గర నుంచి ఆవిడ ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడలేదు. నాతో అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి.

శుక్రవారం రెండు గంటల బస్సు ఎక్కితేనే పొద్దుగూకే లోపు గారంగో చేరతాం. అంటే నాకు ఉన్నది రెండు రోజులు.

దారి పొడవునా క్షమాపణ వాక్యాలు తయారుచేసుకున్నాను. బుధవారం సాయంత్రం ఆమె తీగమీది దుప్పట్లు తీస్తుంటే దగ్గరకు వెళ్ళి వాటిని వరుసగా చెప్పాను. ఎక్కడా తడబడలేదు. నా దుఃఖం నా చేత అలా చేయించిందని, ఆమె మనసు నొప్పించానని, మన్నించి శనివారం రావాలని కోరాను.

ఆమె చివరిదాకా విన్నది.

"అలాగే సార్. ఏడు దాటితే కుళాయి రాదండీ. బకెట్టు నింపి పెట్టుకోండి" అంది.

అలాగే అన్నది రావడానికో, వినడానికో నాకు తెలియలేదు. బకెట్టు నింపుకున్నాను.

మర్నాడు పొద్దున నా బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి కాఫీ, రొట్టె పెట్టారు. మిగతా బల్లల మీద గుడ్డలు లేవు. నా రొట్టెకు వెన్న కూడా రాసి ఉంది. బాంసే తన కప్పు తీసుకుని నా ఎదుట వచ్చి కూర్చుని ఆ గుడ్డను వేలితో తట్టాడు. ఇక్కడికి పదహారేళ్ళుగా వస్తున్నానని, ఈ గుడ్డ ఎప్పుడూ చూడలేదని, సంగతేమిటని అడిగాడు. చెప్పాను. క్షమాపణ అడిగిన దాకా వచ్చేసరికి అతను కప్పు కింద పెట్టేశాడు.

"మాస్టారూ, మీరు అసలు బీసాలేనా? గురున్సీని పట్టుకుని క్షమాపణ అడగడమేంటండీ? ఒకసారి మర్యాద చేసి వరస తెంపారు. నిన్న మళ్ళీ మర్యాద చేసి ఆ ముక్కలు కూడా ఊడ్చేశారు."

ఏం చెయ్యాలని అడిగాను.

"తిట్టండి. మీరు తిడితే ఆవిడ తిడుతుంది. ఆవిడ తిట్టిందంటే వచ్చినట్టే."

నేను ముప్ఫై నాలుగేళ్ళు బడిలో పాఠం చెప్పాను. పిల్లల్ని కూడా తిట్టి ఎరగను. మా ఇంట్లో ఆ పనంతా అసెతాది. గురున్సీలు ఇంటికి వస్తే నేను నవ్వుతూ పక్కన కూర్చునేవాణ్ణి. మా ఇద్దరి తరఫునా ఆమే తిట్టేది. ఆ సంగతి నాకు ఆ పొద్దునే తోచింది. చాలాసేపు రొట్టె ముట్టలేదు.

మధ్యాహ్నం బ్రిజిత్ అన్నం, మాంసం పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. గొంతు సవరించుకున్నాను. మీ రేయో ప్రాంతంలో కుక్కమాంసం తినే అలవాటు ఉందని విన్నాను అన్నాను.

"ఉందండీ. ఇది మాత్రం మేకే సార్" అని ఆమె వెళ్ళిపోయింది.

పక్క బల్ల దగ్గర బాంసేకి పొలమారింది. ఎవరో వీపు మీద చరిచారు. ఊపిరి అందాక అతను, "మాస్టారూ, అది తిట్టు కాదు. భూగోళం పాఠం" అన్నాడు.

ఆ సాయంత్రమంతా నాకు పాఠం చెప్పాడు. అతనికి ఓపిక ఎక్కువ. ఒక్కో తిట్టూ చెప్పి నా చేత అనిపించాడు. మీరు ఒత్తులన్నీ పలుకుతున్నారండీ, తిట్టుకి అంత ఒత్తు అక్కర్లేదు అన్నాడు. చివరకు ఆఖరి ప్రశ్నకు జవాబు రాని పిల్లవాణ్ణి చూసే చూపొకటి నావైపు విసిరి పడుకోవడానికి వెళ్ళాడు. ఆ చూపుతో నేను ఎందరినో చూశాను.

శుక్రవారం పన్నెండు దాటింది. సంచీ సర్దుకుని వాకిట్లో కూర్చున్నాను. బ్రిజిత్ తడి దుప్పట్లు తీగమీద ఆరేస్తోంది. బాంసే చిక్కుడుగింజల అన్నం తింటున్నాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు అతిథులున్నారు. నేను లేచి వెళ్ళి, మీరు వస్తున్నారా అని ఆమెను అడిగాను. అంతకంటే వేరే మాట నాకు తట్టలేదు.

ఆమె దుప్పటి అంచులు సరిచేస్తూ నా వైపు చూడకుండా చెప్పింది.

"వచ్చి ఏం చెయ్యను సార్? ఆవిడ నడక నాకు గుర్తులేదు. ఆ రోజే మరిచిపోయా. మీరు చెయ్యి పట్టుకున్నారే, అప్పుడే పోయింది. ఎంత తలుచుకున్నా రావట్లేదు. నడవడం రానిదాన్ని, ఎవర్ని నవ్విస్తాను?"

ఆమె గొంతులో మర్యాద లేదు. రెండు రోజుల్లో మొదటిసారి. ఇన్ని రోజులుగా నాలాగే ఆమె కూడా ఒకచోట ఆగిపోయి ఉందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

నేను తీగమీదున్న దుప్పటి లాగాను. నీళ్ళోడుతోంది. దాన్ని నడుముకు చుట్టుకుని, కొస భుజం మీద వేసుకున్నాను. వేపచెట్టు దగ్గర నుంచి నడవడం మొదలుపెట్టాను. ఎడమ చెయ్యి నడుం మీద, కుడికాలు కొంచెం ఈడుస్తూ, గడ్డం పైకెత్తి, ఎదురొచ్చే ప్రతి వస్తువునూ బేరమాడబోతున్నట్టు చూస్తూ. బల్లలన్నీ దాటాను. కౌంటరు దగ్గర ఆగి వెనక్కి తిరిగాను. అక్కడ నేను కూర్చుని ఉన్నట్టు ఖాళీ కుర్చీ వైపు వేలు చూపించాను. అసెతా గొంతు సన్నం కాదు, బొంగురు. అది నాకు తేలిగ్గానే వచ్చింది.

"సాలిఫ్, నువ్వు ఆ వాక్యం పూర్తిచేసేలోపు సంకటి అడుగంటింది. ఇక చుక్క పెట్టి వచ్చి తిను."

అప్పుడు బాంసే తినడం ఆపి నవ్వాడు. తర్వాత మిగతావాళ్ళు. నేను ఆగలేదు. పొరుగింటి మేకను ఆమె తిట్టినట్టు తిట్టాను. నా చొక్కా జేబు మీద ఎర్ర సిరా మరక చూసి ఆమె నెత్తి కొట్టుకున్నట్టు కొట్టుకున్నాను. ఇవన్నీ నాలో ఉన్నాయని నాకు తెలియదు. దుప్పటి నీళ్ళు చెప్పుల్లోకి కారుతున్నాయి. నా మొహం మీదివి ఏ నీళ్ళో నేను చూసుకోలేదు.

బ్రిజిత్ రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. చేతులు తీసింది.

"ఎడమ కాలు" అంది.

ఏమిటన్నాను.

"ఈడ్చేది ఎడమ కాలు. ముప్ఫయ్యేళ్ళు కాపరం చేశావు, పెళ్ళాం ఏ కాలు ఈడుస్తుందో చూడలేదా పల్లీల దొంగా? చూపంతా ఆవిడ చేతిలో సంచీ మీదే ఉంటే కాలెక్కడ కనపడుద్ది?"

కుడికాలే అన్నాను. నా ఒంటి మీది దుప్పటి లాక్కుని తను చుట్టుకుంది. ఎడమ కాలు ఈడుస్తూ వేపచెట్టు దాకా నడిచింది. నేను పక్కన కుడికాలు ఈడుస్తూ నడిచాను. అలా రెండుసార్లు తిరిగాం. నేను నడిచినదాంట్లో నడుం తప్పని, ఆమె నడిచినదాంట్లో గడ్డం తప్పని వాదించుకున్నాం. సంకటి సంగతి మళ్ళీ చెప్పమంది. చెప్పాను. గొంతు పట్టుకుని తనూ చెప్పింది. మూడోసారికి అచ్చం అసెతా చెప్పినట్టే వచ్చింది. నేను కుర్చీ పట్టుకుని కూర్చుండిపోయాను.

"ఇక లే బావా. కూర్చుంటే బస్సు ఆగుద్దా? బీసావాళ్ళ బస్సు, దారిలో పల్లీల చేను కనపడితే అదే ఆగుతుందిలే, అక్కడ అందుకుందాం" అంది బ్రిజిత్.

లోపలికి వెళ్ళి సంచీ తెచ్చుకుంది. అప్పటికే సర్దిపెట్టి ఉంది. ఎప్పుడు సర్దిందో నేను అడగలేదు. తాళాల గుత్తి తీసుకెళ్ళి బాంసే పళ్ళెం పక్కన పెట్టింది. ఆదివారం దాకా హోటలు బీసావాడి చేతుల్లో పెట్టి వెళ్తున్నానని, తిరిగొచ్చేసరికి కనీసం గోడలైనా మిగల్చమని చెప్పింది. బాంసే తాళాలు జేబులో వేసుకుని, నువ్వు తిరిగొచ్చేసరికి మూడో వేప కూడా మొలిపిస్తానన్నాడు.

బస్సు మధ్యాహ్నపు జనంతో కిటకిటలాడుతోంది. కిటికీ సీటు ఆమె తీసుకుని రెండు సంచీలూ నా ఒళ్ళో పెట్టింది. ఈయన ఎవరని పక్కావిడ అడిగితే, మా బానిస, బడిలో పని నేర్పించాం అని చెప్పింది. దారిలో టెంకోదోగో ఊరు దాటాక మా అత్తగారికి ఫోన్ చేశాను. బ్రిజిత్ వస్తోందని చెప్పాను.

"తిట్టిందా?" అంది మా అత్తగారు.

తిట్టిందన్నాను.

"ఏమని?"

బస్సంతా నన్నే చూస్తోంది. నేను ప్రతి మాటా, ఒక్కటి కూడా వదలకుండా, బ్రిజిత్ అన్నట్టే చెప్పాను. కాలు సంగతి దగ్గర ఆగి, ఇంతకీ ఏ కాలో మీరే చెప్పాలన్నాను.

అవతల ఆవిడ నవ్వడం వినిపించింది. మొదట దగ్గులా, తర్వాత ఊపిరి అందనట్టు. నవ్వుతూనే వంటింట్లోవాళ్ళను కేకేసి, రేపటికి పెద్ద కుండ దించమని చెబుతోంది.

"ఎడమ కాలే" అంటూ బ్రిజిత్ నా చేతిలోంచి ఫోను లాక్కుంది.