అమ్మ చదివిన చివరి పేజీ

"పిల్లలకి కథల పుస్తకాలు చేతికందించడం కూడా ఒక ఉద్యోగమేనా?" అన్నారు మావారు, నేను ఆయన టిఫిన్ డబ్బా మూత బిగిస్తుంటే. నవ్వుతూనే అన్నారు. ఆయన ఏదన్నా నవ్వుతూనే అంటారు, కాబట్టి నాకు నొప్పి పుడితే అది నా తప్పే అవుతుంది. అత్తగారు జారిపడి మంచం పట్టినప్పటి నుంచి ఈ మాట ఏదో ఒక రూపంలో రోజూ వస్తూనే ఉంది. ఆవిణ్ణి చూసుకోవడానికి మనిషిని పెడదామని నేనంటే, ఆడపడుచు ఫోన్లోనే ముక్కున వేలేసుకుంది. "పరాయి మనిషి చేత చేయిస్తావా వదినా?" సొంత మనిషంటే ఈ ఇంట్లో నేనొక్కదాన్నే అని అప్పుడు తెలిసింది. శుక్రవారానికల్లా రాజీనామా ఇచ్చెయ్యమని ఆయన గడువు పెట్టారు.

బడి లైబ్రరీలో నా పని పది పన్నెండేళ్ల వాళ్లకి నవలలు వెతికిపెట్టడం. బొమ్మల పుస్తకాలు చిన్నతనంగా అనిపించి, పెద్దవాళ్ల పుస్తకాలు కొరుకుడు పడని వయసు అది. "నీతి ఉన్నవి ఇవ్వండమ్మా" అంటారు హెడ్‌మాస్టారు. నేను మాత్రం రుచి ఉన్నవి ఇస్తాను. దెయ్యం కావాలా, దొంగలు కావాలా, పొట్ట చెక్కలయ్యేలా నవ్వాలా అని అడుగుతాను. ఒకడికి కుక్క చచ్చిపోని పుస్తకమే కావాలి. వాడి కోసం ఎన్ని పుస్తకాలు చివరి నుంచి తిరగేశానో! కథ మొదలుపెట్టి, ఊపిరి బిగబట్టే చోట ఆపేసి, పుస్తకం చేతిలో పెట్టడం నా అలవాటు. ఆ చెప్పే గొంతు నాది కాదు, అమ్మది. అమ్మ పోయి చాలా కాలమైంది గానీ గొంతు పోలేదు. అలమరాల మధ్య ఒంటరిగా పుస్తకాలు సర్దుతుంటే "అప్పుడేమైందంటే..." అని వెనక నుంచి వినపడుతుంది. మొదట్లో తిరిగి చూసేదాన్ని. ఇప్పుడు చూడను. చూస్తే ఆగిపోతుందేమోనని భయం.

ఆ సోమవారం రెండు జడల పిల్ల ఒకతె వచ్చి, "చివర్లో ఇంటికి తిరిగొచ్చే కథ ఇవ్వండి టీచర్, లేకపోతే నాకు నిద్ర పట్టదు" అంది. కొత్తగా వచ్చిన కట్టలో నాకు తెలిసిన అట్ట కనిపించింది. పడవలో ఒంటరిగా ఒక ఆడపిల్ల. అమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని నాకు మళ్లీ మళ్లీ చదివి వినిపించిన నవల అది. హాల్లో నాన్న పేపరు వెనక నుంచి వింటూ ఉండేవారు. ఏటి చివర ఏముందో చూడ్డానికి చెప్పకుండా బయల్దేరిన పిల్ల తుఫానుకి బెదిరి, ఇంటికొచ్చి, వాళ్లమ్మ ఒళ్లో పడుకుంటుంది. "బుద్ధొచ్చిందన్నమాట" అనేవారు నాన్న, పేపరు మడుస్తూ. ఆ నవల నేనెప్పుడూ విడిగా చదవలేదు. అమ్మ అంత బాగా చదివాక ఇంకేం మిగిలింది? "తిరిగొచ్చేస్తుంది, నాదీ పూచీ" అని ఇచ్చేశాను.

గురువారం ఆ పిల్ల మూతి ముడుచుకుని వచ్చింది. "అబద్ధం చెప్పారు టీచర్. తను తిరిగి రాదు."

"సరిగ్గా చదివావా?"

"రెండుసార్లు చదివా. కోపంతో ఒకసారి, ఊరికే ఒకసారి." జడ కొస నలిపింది. "కానీ ఇలాగే బాగుంది. మళ్లీ ఇస్తారా?"

"ముందు నేను చదవాలి" అన్నాను.

అలమరాల మధ్య నిలబడే చివరి పేజీలు చదివాను. తుఫాను ఉంది. ఆ పిల్ల బెదరడమూ ఉంది. పడవ వెనక్కి తిప్పడం మాత్రం లేదు. అమ్మ చెప్పిన ఒడి ఎక్కడా లేదు. అప్పట్లో నాకు చదువుతూ చివరికొచ్చేసరికి అమ్మ కళ్లు వరసల వెంట కదులుతూనే ఉండేవి, నోరు మాత్రం నాన్నకి నచ్చే కథ చెప్పేది. చెప్పడం అయిపోయాక కూడా కళ్లు ఆ పేజీని వదిలేవి కావు. నా కళ్లముందే ఎన్నిసార్లు ఆ పడవెక్కి, మళ్లీ దిగి, పొయ్యి వెలిగించిందో! నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. వెనక గొంతు కోసం చెవులు రిక్కించాను. ఎంతసేపున్నా వినపడలేదు.

ఆ సాయంత్రం అత్తగారికి మందులిచ్చి, పక్క మార్చి, పదకొండేళ్ల నా కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. కాసేపటికి హాల్లో టీవీ మోత తగ్గింది. మావారు వింటున్నారు. చివరి పేజీకొచ్చేసరికి అమ్మ మాటలే నాలుక మీదికొచ్చాయి, ఒక్కటీ పొల్లుపోకుండా. వాటిని మింగేసి, అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివాను.

"అదేంటి, ఇంటికి రాదా?" హాల్లోంచి ఆయన నవ్వు. "పిల్లలకి చదివేవి ఇలాంటివా? సరేగానీ, రేపు రాజీనామా ఇచ్చేస్తున్నావుగా?"

నా కూతురు పుస్తకం కేసి చూడటం లేదు. చిన్నప్పుడు నేను అమ్మ మొహంలో చూడకుండా వదిలేసిందేదో నా మొహంలో వెతుకుతోంది.

"ఇవ్వనండీ" అన్నాను, దానికి వినపడేలా.