పోదాం పా

పెద్దమందడి పక్క మడుల్లో నాట్లు మొదలైతే పొద్దున్నే కైకిలి కూలోళ్ల ఆటో సకీనాబీ ఇంటి ముందు ఆగాల్సిందే. సకీనాబీ సద్ది మూట కట్టుకొని, పక్కింటి సౌందర్యకు కేకేసి, ఎక్కి కూర్చొని, దారి పొడుగునా డ్రైవర్‌ను తిడుతూనే ఉంటుంది. మడిలో దిగాక మాత్రం ఆమె నోటికి తాళం పడుతుంది. అక్కడ పాట సౌందర్యది. ఆడవాళ్లంతా వరసగా మునుం పట్టి వంగగానే ఆమె ఎత్తుకుంటుంది:

"ఎవరొచ్చె మామా నా మునుం పక్కకు?"

అని ఆగుతుంది. వరసంతా ఆగుతుంది. అప్పుడు ఒడ్డు మీది నుంచి గోవిందు అందుకుంటాడు:

"నేనొస్తి పిల్లా నారు కట్టెత్తుకొని."

గోవిందు సౌందర్య పెనిమిటి. మోటరు వేయబోయి కరెంటు కొట్టి ఆ ఒడ్డు మీదనే పోయాడు. మనిషైతే పోయాడు గానీ, నారు కట్టలు విసురుతూ పాటకు బదులిచ్చే గొంతు మాత్రం నాట్లప్పుడల్లా వచ్చేది. మొదటి రోజు సౌందర్య బురదలోనే కూలబడి ఏడ్చింది. తర్వాత అందరికీ అలవాటైంది. మడి ఆసామి రామన్న కూడా ఒడ్డు మీద నిలబడి, "గోవిందు వచ్చిండా? అయితే పాట కానియ్యుండ్రి" అనేవాడు. గోవిందు పదం పాడి ఊరుకునే రకం కాదు. నడుమ నడుమ "పొద్దున ఏమన్న తిన్నవా లేదా?" అని అడిగేవాడు. తిన్నానంటే, "అబద్ధాలాడకు" అనేవాడు. లింగాలలో ఉన్న తల్లి "ఒక్కదానివి ఆడేం చేస్తవ్, వచ్చెయ్ బిడ్డా" అని ఎంత మొత్తుకున్నా సౌందర్య కదలకపోయిందంటే, ఇగో, ఇందుకే.

నాట్ల పాటకు ఒక కట్టుబాటుంది. "పొద్దు వాలె, పని తీరె, పోదాం పా" అన్న ఆఖరు మాట చివరి కట్ట నాటినంకనే పాడాలి. అది చెవిన పడ్డాక ఎవరి చెయ్యీ మడిలో ఉండదు. కాళ్లు కడుక్కొని ఇంటి దారి పట్టాల్సిందే. గోవిందు గొంతు రావడం మొదలైనప్పటి నుంచి సౌందర్య ఆ మాట పాడలేదు. పని అయిపోగానే అందరూ చప్పుడు చేయకుండా ఒడ్డెక్కేవాళ్లు. పాట తెగకుంటే గోవిందు పోడు. ఈ సంగతి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

వనపర్తిలో గిటారు, డ్రమ్ములు పెట్టుకొని రాక్ పాటలు కట్టే భానుప్రకాశ్ ఆ దారిన పోతూ ఒకనాడు ఈ పాట విన్నాడు. బండి ఆపి, ప్యాంటు మడిచి, మడి దాకా వచ్చాడు. సౌందర్యను బతిమాలి, వనపర్తిలో రికార్డింగు చేసే చిన్న గదికి తీసుకుపోయాడు. గోవిందు అక్కడికీ వచ్చాడు. మిషన్ ముందు కూర్చున్న బిలాల్, "అన్నా, గొంతు దూరమైతుంది, జర మైకు దగ్గరికి రా" అన్నాడు. గోవిందు దగ్గరికొచ్చాడు.

అంతా బాగానే అయింది. చివరికి భానుప్రకాశ్, "అక్కా, ఆఖరు మాట ఉంటది గదా, అది పాడలేదు" అన్నాడు.

సౌందర్య గది చుట్టూ చూసింది. కాళ్ల కింద నున్నటి బండలు, పైన ఫ్యాను. ఇదేమన్నా మడా? చేతిలో నారు లేదు, ఈడ పాడితే ఏమైతది అనుకుంది. పాడేసింది. గోవిందు కూడా సంబరంగా గొంతు కలిపాడు.

ఆ పాట ఎట్లా పోయిందంటే ఏం చెప్పాలి! గద్వాల పెండ్లి బరాతుల్లో అదే, మల్దకల్ జాతరలో అదే, ట్రాక్టర్ల మీద అదే. పెద్దమనుషులు కొందరు "నాట్ల పాటకు గిటారేంది, పోపుల చక్కెర పోసినట్టు" అని మూతి ముడిచారు. వాళ్ల మనవళ్లు ఆ మాట వినకుండా సౌండు పెంచారు. మగ గొంతు ఎవరిదని అడిగితే, పెద్దమందడోళ్లు "మా గోవిందుది" అని గర్వంగా చెప్పుకున్నారు.

మళ్లీ నాట్లు వచ్చాయి. సౌందర్య ఎత్తుకొని ఆగింది. వరసంతా ఆగింది. ఒడ్డు మీద ఎవరూ పలకలేదు. ఇంకోసారి ఎత్తుకుంది. సకీనాబీ నారు చేతిలో పట్టుకొని అట్లనే వంగి నిలబడింది, తల ఎత్తలేదు. ఫోన్లలో గోవిందు గొంతు ఉందిగా అంటారేమో. ఉంది, ఎప్పుడు నొక్కినా అదే మాట. తిన్నవా అని అడగదు.

సౌందర్య భానుప్రకాశ్ దగ్గరికి పోయింది. "తమ్మీ, నాతోని తప్పైంది. నీ వాయిద్యాల కాడ తెగిన పాట, ఆడనే ఒక్కసారి ఆఖరు మాట లేకుండ పాడనియ్యి. పాట తెగకుంటే మళ్ల వస్తడేమో" అంది. భానుప్రకాశ్ ముఖం వాడిపోయింది. "అడిగింది నేను గదా అక్కా, తప్పు నాది" అన్నాడు. గద్వాలలో పెద్ద మైదానంలో కచేరీ ఉంది. ఆఖరు మాటకు ముందే వాయిద్యాలన్నీ ఆపేయాలని తన వాళ్లకు గట్టిగా చెప్పిపెట్టాడు.

పొద్దు గూకే వేళకు మైదానం జనంతో నిండింది. సౌందర్య మైకు పట్టుకొని ఎత్తుకుంది, ఆగింది.

"నేనొస్తి పిల్లా" అన్నాడు గోవిందు.

రికార్డు కాదు, నిజంగా అతని గొంతే. జనం ఈలలేశారు.  సౌందర్య ఒక్కో పదం రెండుసార్లు, మూడుసార్లు తిప్పి తిప్పి పాడింది. ప్రతిసారీ అతను బదులిచ్చాడు. "బక్కగైనవేందే?" అని కూడా అన్నాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది. ఇంక పదాలు మిగల్లేదు. భానుప్రకాశ్ చెయ్యెత్తాడు, వాయిద్యాలు టక్కున ఆగాయి.

ఎప్పుడూ వచ్చే మాట రాలేదని జనానికి తెలిసిపోయింది. గాయని మరిచిపోయిందేమో, అందిద్దాం అనుకున్నారు. అంత ఇష్టం మరి ఆ పాటంటే. మైదానమంతా ఒక్క గొంతై పాడింది: "పొద్దు వాలె, పని తీరె, పోదాం పా."

గోవిందు నిమ్మళంగా ఊపిరి వదిలాడు. "అలిసిన, పిల్లా. ఇగ పోత. నువ్వు గూడ మీయమ్మ తానికి పో" అన్నాడు. జనం అది కూడా పాటే అనుకొని చప్పట్లు కొట్టారు.

మర్నాడు సౌందర్య బట్టలు మూట కట్టుకొని నాగర్‌కర్నూల్ బస్సు కోసం నిలబడింది. అక్కడి నుంచి లింగాల పోవాలి. సాగనంపడానికి వచ్చిన సకీనాబీ ఆమె చెయ్యి పట్టుకుంది.

"వాళ్లు ప్రేమతోటే పాడిండ్రు పిల్లా. వాళ్ల మీద మనసు విరుచుకోకు."

"వాళ్లనేమంట సకీనక్కా" అంది సౌందర్య. "వరసంత ఎత్తుకుంటే నోరు ఊకుంటదా? నేను గూడ పాడిన."