నీలం చుక్కలు

మరదలు సంచీ సర్దుతోంది. మూడు జతల బట్టలు, కత్తెర, సూదుల డబ్బీ, అన్నిటికీ పైన ఉన్ని శాలువా. వదిన మంచం చివర కూర్చుని ప్రతిదీ కనిపెట్టి చూస్తోంది. పొరుగూరి ఆసుపత్రికి దుప్పట్లు కుట్టే పని, మూడు వారాలే అని మరదలు చెప్పింది. ఇంత ఎండల్లో మూడు వారాలకి శాలువా ఎందుకు?

అడిగితే, అక్కడి గదులు చల్లగా ఉంటాయట అంది మరదలు, తలెత్తకుండా. ఆ తలెత్తకపోవడమే వదిన గుండెల్లో రాయి వేసింది. ఆమె భర్త, అంటే ఈ మరదలి సొంత అన్న, పదేళ్ళ కిందట ఇలాగే తల వంచుకుని సర్దుకున్నాడు. వారంలో వస్తానన్నాడు.

అతను వెళ్ళాక ఆడవాళ్ళిద్దరూ ఒకే దర్జీ దుకాణంలో కుడుతూ, ఒకే ఇంట్లో ఉంటూ, ఫ్రెంచి మొదలుపెట్టారు. నేర్పేవాళ్ళు లేరు. పాత పుస్తకాల బండి మీద దొరికిన లావుపాటి ఫ్రెంచి నవల, అట్ట ఊడిన నిఘంటువు, అంతే. ఆ నవలలో వాక్యం మొదలైతే పేజీ తిరిగినా ఆగదు. "ఈ రాసినాయనకి ఊపిరాడదా వదినా?" అని మరదలు వేళాకోళమాడేది. నిఘంటువులో వెతికిన ప్రతి మాట పక్కనా, గుండీ కాజాకి గుర్తు పెట్టినట్టు, చుక్క పెట్టేవారు. వదినది ఎరుపు, మరదలిది నీలం. ఒకరు లేకుండా రెండోవారు పేజీ తిప్పకూడదని ఒట్టు.

మనసు నిలవక వదిన నిఘంటువు తెరిచింది. ఇద్దరూ కలిసి చదివిన నూటపన్నెండు పేజీల్లో ఎక్కడా రాని మాటల పక్కన నీలం చుక్కలు కనబడ్డాయి. గడియ. మోసగించు. విడిచిపోవు. క్షమాపణ. ఎన్నటికీ.

ఇవేమిటని నిలదీసింది. మరదలు ముఖం ఎర్రబడింది. ఆగలేక తర్వాతి అధ్యాయం ఒక్కతే చదివేశానని నెమ్మదిగా ఒప్పుకుంది. పుస్తకం అక్కడే బల్ల మీద ఉంది. కావాలంటే చూసుకోమంది.

వదిన పుస్తకం ముట్టుకోలేదు. సంచీని మంచం మీద బోర్లించి ఒక్కో బట్టా దులిపింది. ఉత్తరం లేదు, టికెట్టు లేదు, ఏమీ లేదు.

"నీలోనూ మీ అన్న రక్తమేగా. చెప్పి వెళ్ళే వంశమా మీది?"

మరదలు బట్టలన్నీ మళ్ళీ మడత పెట్టింది.

"పదేళ్ళు నీ పక్కన ఉన్నది ఎవరు వదినా? ఆయనా, నేనా?"

ఆ ఒక్క మాటే అని చెప్పులేసుకుంది.

ఆ అధ్యాయం ఒంటరిగా చదవడానికి వదినకి పదకొండు రోజులు పట్టింది. అందులో ఒక ఇల్లాలు క్షమాపణ రాసి పెట్టి, తలుపు గడియ తీసి వెళ్ళిపోతుంది. చుక్కలు పడ్డ మాటలన్నీ అక్కడ ఉన్నాయి, ఒక్కటీ తప్పకుండా. ఆ పూటే ఉత్తరం రాసింది. తప్పు నాదే, పని అవగానే వచ్చెయ్యి అని.

జవాబు రాలేదు. నెల తిరిగాక దుకాణం యజమాని చెప్పాడు, ఆసుపత్రివాళ్ళు అక్కడే ఉద్యోగం ఇస్తామంటే ఆవిడ సరేనందట.

మరదలు వెళ్ళింది ఏప్రిల్ తొమ్మిదో తారీకు, మంగళవారం, ఉదయం ఎనిమిది గంటలకు. మళ్ళీ రాలేదు.